ఏడో గుడి గోడ

జోజప్పవారి గుడి ఉత్తరపు గోడ మీదికి జవహర్ సుత్తి ఎత్తేసరికి శౌరమ్మ నెత్తి మీది గంపను దభీమని కింద పడేసింది.

"జర ఆగు సారూ! నీకు దండం పెడత, ఒక్క నిమిషం ఆగు."

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. కోదాడ నుంచి వచ్చిన ఆ కాంట్రాక్టరు పాపం, పెచ్చులు మోయడానికి పిలిపించిన కూలి మనిషి పనికి అడ్డం వస్తుందని కలలో కూడా అనుకొని ఉండడు.

"ఏంటమ్మా? మీద పడతాయని భయమా? అవతలికి జరుగు."

"మీద పడేదయితే నేనే కొడుదును. ఇది పడేది కాదు." శౌరమ్మ వచ్చి గోడకూ సుత్తికీ మధ్య నిలబడింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జవహర్ భుజం దాకా కూడా రాదు. వేలు మడిచి, కణుపుతో గోడ మీద మూడు చోట్ల కొట్టింది. "విన్నవా? కంచు లెక్క పలుకుతున్నది. గింత గట్టి గోడను కొట్టనీకి నీకు చేతులెట్ల వస్తున్నయ్?"

"వందేళ్ళ నాటి సున్నపు గచ్చమ్మా ఇది. పైకి బాగానే ఉంటుంది, లోపలంతా బోలు. వీటి పని అయిపోయింది."

"ఏది బోలో ఏది గట్టో నీ సుత్తికేం ఎరుక? నా వేలికి ఎరుక."

తోటి ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. కోడలు కరుణ వెనక నుంచి కొంగు గుంజింది. "అత్తమ్మా, నీకెందుకు పరేషాన్? పొద్దుగాల్నే లొల్లి పెట్టకు." శౌరమ్మ కొంగు విడిపించుకుంది గానీ కదల్లేదు. ఆ పొగరు ఆమెకు పుట్టుకతో వచ్చింది. మంచి పనివాళ్ళకు ఉండాల్సిన పొగరే అది.

లూర్దుపేటకు వచ్చే యాత్రికులు మిర్యాలగూడ బస్సు దిగగానే చెప్పులు విడిచేస్తారు. ఊళ్ళో ఏడు గుళ్ళు, అన్నీ క్రీస్తు గుళ్ళే. పెద్దగుడిలో మొదలుపెట్టి, సందులన్నీ తిరిగి, గుట్టెక్కి దిగి, చివరికి ఊరి అంచున కూలి జనం ఉండే వాడలోని ఆరోగ్యమాత గుడి దగ్గర ముగించాలి. ఏడూ తిరిగితేనే మొక్కు తీరినట్టు. ఫిబ్రవరిలో లూర్దుమాత పండుగ. ఈసారి పెద్దగుడికి నూరేళ్ళు నిండుతున్నాయి కనుక ఏడు గుళ్ళకూ కొత్త కళ తేవాలని, గుళ్ళ వ్యవహారాలు చూసే విచారణ కమిటీ తీర్మానం చేసింది. పాత గచ్చంతా చెక్కేసి సిమెంటు పూయాలి, దాని మీద నిలువెత్తు టైల్సు వెయ్యాలి. వాడపల్లి దాకా ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే ఆయె, ఇంకేం కావాలి!

గొడవ విని విచారణ గురువు ఫాదర్ ప్రభుదాస్ వచ్చారు. ఆయన వెనకాలే కమిటీ పెద్ద రాయపరెడ్డి. ఫాదర్ ఈ ఊరికి వచ్చి ఆర్నెల్లే అయింది. రాయపరెడ్డి మాత్రం పుట్టి పెరిగిందంతా ఇక్కడే.

"ఏంది శౌరమ్మా," అన్నాడు రాయపరెడ్డి నవ్వుతూ. "మోసేదానివి మోయక మేస్త్రివైనవా?"

"నేను మేస్త్రినే పటేలా. మా మామ దగ్గర గచ్చు పని నేర్సిన. మీరే మర్శిండ్రు." ఆ మాట అని ఫాదర్ వైపు తిరిగింది. "ఫాదరూ, సున్నపు గోడకు ఊపిరి ఉంటది. వానకు తాగుతది, ఎండకు వదులుతది. సిమెంటు పూస్తిమా, ఇగ ఊపిరాడదు. లోపలి తడి లోపల్నే ఉండి రాయిని తినేస్తది. పదేండ్లల్ల మీ టైల్సన్నీ కింద ఉంటయ్, సూడుండ్రి."

జవహర్ సుత్తి పక్కన పెట్టాడు. చెడ్డవాడేం కాదు. తను నేర్చుకున్నది సిమెంటు పని, దాని మీదే ఆయన నమ్మకం. "ఫాదర్ గారూ, మాటలెందుకు? వాడలో ఆరోగ్యమాత గుడి చూడండి. దానికి గచ్చు చేసింది ఈమేనట. పదకొండేళ్ళకే గోడంతా తెల్లగా పూసి, పొడి రాలుతోంది. పదకొండేళ్ళదే అలా ఉంటే, వందేళ్ళ గోడల లోపల ఏముంటుందో మీరే ఆలోచించండి."

అంతసేపూ గలగలా మాట్లాడిన శౌరమ్మ చూపు నేల మీది గంప వైపు జారింది. ఫాదర్ ఆమె ముఖం చూశారు, గోడను చూశారు.

"శుక్రవారం కమిటీ ఏడు గుళ్ళూ తిరుగుతుంది. ఈలోపల నువ్వు తిరిగి, బోలు ఉన్న చోటల్లా గుర్తు పెట్టమ్మా. గుర్తు లేని చోట తనకు తోచిన దగ్గర జవహర్ గారు చెక్కి చూస్తారు. నువ్వు చెప్పింది నిజమైతే గచ్చు పనే చేయిద్దాం, నీ చేతి మీదే. తప్పితే సిమెంటు. సరేనా?"

"ఏడు గుళ్ళా ఫాదరూ?"

"ఏడూనూ."

శౌరమ్మ గంప తీసి చంకన పెట్టుకుంది. సరే అన్నది గానీ, ఆ సరేలో ఇందాకటి జోరు లేదు.

*

మర్నాడు పొద్దున్నే కొంగున నాలుగు బొగ్గు ముక్కలు ముడేసుకొని బయల్దేరింది. నిచ్చెన మోయడానికి కరుణ వెంట వచ్చింది. రాక తప్పక వచ్చింది, ముఖం ముడుచుకొనే వచ్చింది.

పెద్దగుడి గుమ్మంలో తీర్థం ముట్టుకొని సిలువ గుర్తు వేసుకున్నాక శౌరమ్మ పీఠం వైపు చూడనే లేదు. నేరుగా గోడ దగ్గరికి పోయింది. ఆమె పని చూడాలి మరి! కింది నుంచి మొదలుపెట్టి, మూరకొక చోట కణుపుతో రెండు దెబ్బలు. చెవి ఒగ్గి వింటుంది. తర్వాత అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. తడి ఉంటే చేతికి తెలుస్తుంది, పాతబడిన తడి అయితే ముక్కుకు తెలుస్తుంది. బోలు ఉంటే బొగ్గుతో చుట్టూ సున్న చుడుతుంది. చేయి అందనంత ఎత్తుకు నిచ్చెన. నిచ్చెన మీద కూడా అదే నిదానం. గురువు దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తన పెట్టె వెనక, పైకప్పు నీళ్ళు దిగే గొట్టం పగిలిన దగ్గర నాలుగు సున్నలు పడ్డాయి. మధ్యాహ్నానికి పెద్దగుడి మొత్తానికి పదకొండు.

"గింతేనా?" అన్నది కరుణ. "సగం పోయిందంటున్నడు గదా ఆ సారు!"

"సగం పోతే నిన్నెందుకు పని ఎగ్గొట్టిస్త బిడ్డా?"

అంతోనివారి గుడికి వెళ్ళేసరికి ఇసుకేస్తే రాలనంత జనం. మంగళవారం అంతోనివారి రోజు. కొవ్వొత్తుల పొగకు గోడ నల్లబారింది. శౌరమ్మ జనం మధ్యలోనే దూరి గోడ తడుముతుంటే, చివ్వెంల నుంచి పెళ్ళాం బిడ్డలతో వచ్చిన ఒకాయన ఆగి చూశాడు.

"ఏందమ్మా, గోడకు జరమొచ్చిందా? నాడి సూస్తున్నవ్?"

"జరం లేదు గిరం లేదు. మీరు గోడకు ఆనిచ్చి కొవ్వొత్తులు పెట్టకుంటే ఇంకో నూరేండ్లు బతుకుతది."

ఆయన గబుక్కున తన కొవ్వొత్తి తీసి ఇసుక తొట్టెలో గుచ్చాడు. పెళ్ళాం పకపకా నవ్వింది. బయటికి వచ్చాక కరుణ కూడా నవ్వింది.

బుధవారం గుట్ట మీది లూర్దుమాత గుహగుడి, శౌరివారి గుడి, జోజప్పవారి గుడి అయిపోయాయి. గుట్ట మీద గాలికి నిచ్చెన ఊగింది. కరుణ రెండు కాళ్ళూ తన్నిపెట్టి పట్టుకుంది. చివరికి పెద్దిళ్ళ బజారులో మిఖాయేలు దూత గుడి. చిన్న గుడి, పదిమంది నిలబడితే నిండిపోతుంది. కానీ దాని గోడలు! అద్దంలో చూసుకున్నట్టు కిటికీ వెలుగు అందులో కనపడుతుంది. శౌరమ్మ ఒక్క చోట కూడా బొగ్గు పెట్టలేదు. అన్నీ అయ్యాక కోడల్ని దగ్గరికి పిలిచింది.

"చెంప ఆనిచ్చి సూడు."

"గోడకా?"

"నీ మొగనికి కాదు. గోడకే. సూడు."

కరుణ సిగ్గుపడుతూనే చెంప ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. కాసేపు అట్లాగే ఉండిపోయింది.

"మగోళ్ళు గచ్చు మెత్తి దిగిపోతరు," అన్నది శౌరమ్మ. "ఇగ అప్పటి సంది ఆడోళ్ళ పని. గుండ్రాయి పట్కొని పదిరోజులు రుద్దుతరు, ఒక్క తీరుగ, ఒక్క చేతి బలం తోటి. ఇది రుద్దింది మా మామ వాళ్ళమ్మ. నిండు చూలాలు. నొప్పులొచ్చినంక పని దిగిందంట. ఇప్పుడు దీన్ని చెక్కి టైల్సు అతికిస్తరంట, స్నానాల గదికి అతికించినట్టు!"

ఆ మాటల్లో కోపం కొంత, అంతకు మించి గర్వం. కరుణ తిరుగుదారిలో నిచ్చెన తనొక్కతే భుజానికెత్తుకుంది, అత్తను పట్టుకోనివ్వలేదు. ఆరు గుళ్ళకు కలిపి ముప్ఫై ఒక్క సున్నలు. అరచేతితో కప్పేవి కొన్ని, తలుపంత ఒకటి. అంతే.

*

గురువారం మిగిలింది ఏడోది. ఇంటికి నాలుగు అడుగుల దూరం. అయినా శౌరమ్మ ఆ పొద్దు అక్కడికి పోవడానికి చాలాసేపు తాత్సారం చేసింది. బర్రెకు రెండుసార్లు నీళ్ళు పెట్టింది.

ఆరోగ్యమాత గుడి గుమ్మంలో కాటమ్మ కూర్చొని కాగితపు పొట్లాలు కడుతోంది. డెబ్భై ఐదేళ్ళ ముసలమ్మ. ఇంట్లో ఎల్లమ్మకు దీపం పెట్టుకొని వచ్చి, ఇక్కడ వాకిలి ఊడుస్తుంది. ఇద్దరు తల్లుల మధ్య తగవేముందని ఆమె లెక్క. పొట్లాల్లో ఉన్నది తెల్లటి పొడి. గుడి లోపల గోడకు మోకాలెత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా తెల్లగా నురగలా పూసి ఉంది. జనం దాన్ని 'మాత పూత' అంటారు. గీరి నొసట పెట్టుకుంటారు, పొట్లం కట్టించుకొని పోతారు. ఆ పూత రాకముందు యాత్రికులు ఆరు గుళ్ళతోనే సరిపెట్టుకొని, వాడలో అడుగు పెట్టకుండా బస్సెక్కేసేవారు. ఇప్పుడు మూడేళ్ళుగా వస్తున్నారు. పెద్దిళ్ళవాళ్ళు కూడా గడప బయట చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు. వాడకు అది ఎంత గొప్పో బయటివాళ్ళకు చెబితే అర్థం కాదు.

శౌరమ్మ గోడ మీద కణుపుతో కొట్టింది. మందంగా, తడిసిన మట్టిని కొట్టినట్టు వినపడింది. ఇంకో చోట. అదే. ఇంకో చోట. అదే.

"అత్తమ్మా, బొగ్గు ఇయ్యనా?"

"మాత పూతకు బొగ్గు పెడతరా?" కాటమ్మ గుమ్మంలోంచే కేకేసింది. "చేతులు పడిపోతయ్!"

శౌరమ్మ బొగ్గు తీసుకోలేదు. బయటికొచ్చి గోడ నీడన కూలబడింది. ఈ పూత ఏమిటో ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

పదకొండేళ్ళ కిందట ఇదే చోట సున్నం గుంట తవ్వి, సున్నం నానబెట్టి, చేతిలో పారతో నిలబడింది తనే. ఆరోగ్యమాతకు ఉప్పు మొక్కుకోవడం ఆనవాయితీ. గుడికి ఇవ్వడానికి వాడలో ఎవరి దగ్గరా ఇంకేమీ లేదు. మా ఇంటిది కూడా గోడలో ఉండాలని ఇంటికో గుప్పెడు మొక్కుబడి ఉప్పు తెచ్చి, దండం పెట్టి, ఆ గుంటలో పోశారు. సున్నానికి ఉప్పు తగలనివ్వకు, అది గోడకు విషం అని మామ నేర్పిన మొట్టమొదటి పాఠం. తెలిసి తెలిసి ఊరుకుంది. వాళ్ళ ముఖాలు చూసి వద్దనలేకపోయింది. పైగా కొడుకు జ్వరం తగ్గాలని తనూ ఒక గుప్పెడు పోసింది.

"అత్తమ్మా, ఏమైంది?"

"ఏం కాలే." లేచి చీర దులుపుకుంది. "పా, ఇంటికి పోదాం." ఏడో గుడికి ఒక్క గుర్తు కూడా పడలేదు.

*

శుక్రవారం పూజ అయ్యాక కమిటీ బయల్దేరింది. ఫాదర్, రాయపరెడ్డి, ఇంకో నలుగురు. జవహర్ చేతిలో ఉలి, సుత్తి. వెనకాల అత్తాకోడళ్ళు. వాళ్ళ వెనక, ఏం జరుగుతుందో చూద్దామని సగం వాడ.

పెద్దగుడిలో జవహర్ బొగ్గు సున్నలన్నీ వదిలేసి, ఎవరికీ తోచని మూల చూసుకొని ఉలి పెట్టాడు. సుత్తి పడింది. ఉలి ఎగిరి పక్కకు జారింది. మళ్ళీ కొట్టాడు. నాలుగో దెబ్బకు గోరంత పెచ్చు లేచింది. అంతోనివారి గుడిలోనూ అంతే. గుట్ట మీద రెండు చోట్ల కొట్టాడు. మిఖాయేలు దూత గుడిలో ఉలి ఆనించాడు గానీ కొట్టలేక దించేశాడు. "ఇది వద్దులెండి," అన్నాడు. పొగడలేదు గానీ, పొగిడినా శౌరమ్మకు అంత సంతోషం వేసేది కాదు. ఆరు గుళ్ళూ అయ్యేసరికి కరుణ తల ఎత్తుకొని నడుస్తోంది.

ఏడో గుడి చేరారు. రాయపరెడ్డి అలవాటుగా పూత గీరి నొసట పెట్టుకొని, వెనక్కి తిరిగాడు.

"ఆరూ గట్టిగున్నయ్, ఒప్పుకుంటం. కాని అవి నీ పెద్దలు చేసినయ్. నీ చెయ్యి పెట్టింది ఇదొక్కటే. దీనికి ఒక్క గుర్తు పెట్టలే నువ్వు. జవహర్ ఏమో ఇది చెడిపోయిందంటడు, జనమేమో మాత మహిమ అంటరు. మహిమే అయితే చెప్పు, దీన్ని ముట్టుకోం, ఆరు గుళ్ళ పని నీకే ఇస్తం. కాదంటే ఎట్ల చెడిందో చెప్పు. చెడ్డ చేతికి నూరేండ్ల గోడలు ఎట్ల అప్పజెప్తం?"

మహిమ అంటే చాలు. ఒక్క మాట. వాడ మొత్తం గుమ్మం దగ్గర మెడలు చాచి నిలబడింది. కాటమ్మ చేతిలో పొట్లం అట్లాగే ఉంది. శౌరమ్మ గోడ వైపు చూసింది. తన గోడ. తెలిసీ చెప్పకపోతే, రేపు ఏ గోడ మీద ఏ మొహం పెట్టుకొని చెయ్యి వేస్తుంది?

"మహిమ కాదు పటేలా. ఉప్పు."

ఎవరికీ అర్థం కాలేదు.

"మొక్కుబడి ఉప్పు సున్నం గుంటల పోసినం. ఉప్పు నీళ్ళను గుంజుతది, ఎండకు తెల్లగ బయటికొస్తది, మళ్ళ గుంజుతది. గట్ల గట్ల గోడను తింటది. వాడోళ్ళది తప్పు కాదు, వాళ్ళు ప్రేమతోటి తెచ్చిండ్రు, వాళ్ళకేం ఎరుక? మేస్త్రిని నేను. నాకెరుక. వద్దనాలె, అనలే. నేను గూడ ఒక గుప్పెడు పోసిన. గచ్చుది తప్పు లేదు ఫాదరూ. తప్పు నాది."

జవహర్ వేలితో పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పే," అన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "ఈమె చెప్పకపోతే నేను సున్నమే చెడ్డదనుకొని ఉండేవాణ్ణి ఫాదర్ గారూ," అన్నాడు.

రాయపరెడ్డి నొసటి మీది పొడి తుడుచుకోబోయి, చెయ్యి మధ్యలోనే దించేశాడు.

"మరి దీన్నేం చేద్దామమ్మా?" అడిగారు ఫాదర్.

"మొత్తం తియ్యాలె. రాయి కనపడేదాంక. నేను చేసిన గోడ, నేనే కొడత."

కమిటీవాళ్ళు నలుగురూ రాయపరెడ్డి వైపు తిరిగారు. చివరికి రాయపరెడ్డే అన్నాడు. "తన గోడ పోయిందని తనే చెప్పిన మనిషి ఆరు గోడల గురించి అబద్ధం చెప్పదు. ఏడు గుళ్ళ పనీ శౌరమ్మ మేస్త్రికే. రాసుకోండి ఫాదర్."

మేస్త్రి అన్న ఆ మాట రాయపరెడ్డి నోట వినడానికి శౌరమ్మ ఎన్నాళ్ళు ఎదురు చూసిందో! తీరా విన్నప్పుడు మాత్రం తల తిప్పి గుమ్మం వైపు చూడాల్సి వచ్చింది. అక్కడున్న ముఖాల్లో ఒక్కటీ నవ్వడం లేదు.

*

కమిటీ వెళ్ళిపోయింది. వాడ మాత్రం కదల్లేదు. కాటమ్మ పొట్లాలన్నీ విప్పి పొడిని వాకిట్లో కుమ్మరించింది.

"తృప్తిగున్నదా?" అన్నది. గొంతు చిన్నదే అయినా బజారంతా వినపడింది. "మూడేండ్ల సంది మన గుమ్మం తొక్కుతున్నరు జనం. ఇగ ఎవరొస్తరు? ఊరోళ్ళ ఆరు గుళ్ళ కోసం మన ఒక్క గుడి పరువు తీస్తివి గదనే! వాళ్ళు నీకేం పెట్టిండ్రని?"

"అవును," అన్నారు ఒకరిద్దరు. కరుణ ఏదో అనబోయింది. శౌరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఏడుస్తుందేమో అనుకున్నారు అందరూ. ఆమె ఏడవలేదు సరికదా, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ ఆరూ ఊరోళ్ళవని ఎవరు చెప్పిండ్రు పెద్దమ్మా నీకు? పెద్దగుడి పునాది రాళ్ళు ఎవరి నెత్తి మీద వచ్చినయ్? గుట్ట మీదికి నీళ్ళ కడవలు ఎవరు మోసిండ్రు? మిఖాయేలు గుడి గోడ మా మామ వాళ్ళమ్మ రుద్దింది, ఆమె పక్కన కూసొని మీ అత్త రుద్దలేదా? వాళ్ళు పూజలు చేసుకున్నరు, అంతే. కట్టింది మనం. సోమవారం పొద్దుగాల మనమే గంపలు పట్కొని పోతిమి, మన తాతల పనిని మన చేతులతోటే చెత్తలకు మోసెటందుకు! ఒక్క గోడ ఇచ్చి ఆరు గుళ్ళు తెచ్చిన నేను. ఏడోది ఎక్కడికి పోయింది? ఈడనే ఉన్నది. మళ్ళ చేస్త. ఈసారి నూరేండ్లకు చేస్త."

కాటమ్మ వాకిట్లోని తెల్లపొడిని చీపురుతో ఒక పక్కకు ఊడ్చింది. తర్వాత గుడిలోకి పోయి, ఆరోగ్యమాత బొమ్మను రెండు చేతులా ఎత్తుకొని బయటికొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టబోతే వద్దన్నది. తన ఇంటి అరుగు మీద పీట వేసి, మాతను కూర్చోబెట్టి, కొంగుతో ముఖం తుడిచింది.

"గోడ కొడితే దుమ్ము లేస్తది," అన్నది ఎవరి వైపూ చూడకుండా. "పని అయ్యేదాంక తల్లి మా ఇంట్ల ఉంటది." శౌరమ్మ తల ఊపింది. ముసలమ్మ ఇంకా ఏదో అడగాలని ఉండి, అడగలేక, పీట సర్దింది. మళ్ళీ సర్దింది.

"మావోళ్ళు ఊకోరు శౌరమ్మా. మళ్ళ ఇంటికో గుప్పెడు పట్కొస్తరు, మాదీ గోడల ఉండాలె అని. ఏం తెమ్మందాం?"

"బెల్లం," అన్నది శౌరమ్మ. "బెల్లం నీళ్ళు పడితే సున్నం రాయయితది. ఇంటికో ముద్ద తెమ్మను, ఎంత తెచ్చినా వద్దన."

"విన్నరా?" కాటమ్మ బజారంతా మోగేలా అరిచింది. "బెల్లమంట!"

ఎదురింట్లోంచి ఎవరో, ఎంత ముద్ద తేవాలని అడిగారు.